కొత్త ఇంటికి 4 మిషన్లు, నోట్‌బుక్‌లో 11 పేర్లు

జూన్ 8, 2025, ఆదివారం

ఇల్లు మారాలని గట్టిగా అనుకున్నాం. ఐపీ (కోర్టులో దివాలా పిటిషన్) పెట్టి, ఆ తర్వాత కూడా అప్పులు తీర్చుకుంటూ వస్తున్న మాలాంటి వాళ్లు అద్దె పెంచుకుని పెద్ద ఇంట్లోకి వెళ్లాలంటే ఎక్కడ తడబడతారో ముందే చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు, అంకెలతో సహా రాస్తున్నాను.

మా సంగతి కొంచెం చెప్పాలి. విజయవాడలో నా పేరు మీద స్కూలు యూనిఫామ్‌ల కుట్టు యూనిట్ ఉండేది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ వేసవికని కుట్టిన సరుకంతా మూటల్లోనే ఉండిపోయింది. నూటికి రెండు రూపాయల వడ్డీ మాత్రం ఆగలేదు. 2021 ఆగస్టులో ఐపీ పెట్టాను. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, మామూలు మనుషుల అప్పులకు సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. కాబట్టి మాకు వర్తించింది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. అప్పులిచ్చినవాళ్ల జాబితాలో (షెడ్యూల్‌లో) 14 పేర్లు, మొత్తం 21,60,000. కోర్టు నియమించిన రిసీవర్ గారు సరుకు, స్థలం అమ్మించి రూపాయికి 31 పైసల చొప్పున అందరికీ పంచారు. 2024 మార్చిలో, దివాలా నుంచి బయటపడ్డట్టు కోర్టు ఇచ్చే డిశ్చార్జి ఆర్డర్ చేతికొచ్చింది. ఆ రోజుతో ఎవరూ నన్ను కోర్టుకు లాగడానికి లేదు.

మిగిలిన 69 పైసల మాటేమిటి? 14,90,400. వడ్డీ లేదు, అంతా అసలే. 2024 ఏప్రిల్ నుంచి ప్రతి నెల 5వ తేదీన 14,000 తీసి, పేరుపేరునా కవర్లలో పెట్టి ఇస్తున్నాం. ఈ నెలతో 15 నెలలయ్యాయి. 2,10,000 తీరింది, 12,80,400 ఉంది. ముగ్గురి పేర్లు పూర్తిగా కొట్టేశాను. 11 మంది ఉన్నారు.

ఇప్పుడున్నది సింగ్ నగర్‌లో మొదటి అంతస్తు, ఒక గది, వంటిల్లు. అద్దె 6,500. గదిలో మూడు మిషన్లు, కటింగ్ టేబుల్, అత్తయ్య మంచం, పిల్లలిద్దరు. బాబు పదో తరగతిలోకి వచ్చాడు. రాత్రి నేను కుడుతుంటే వాడు చెవుల్లో దూది పెట్టుకుని మెట్ల మీద కూర్చుని చదువుతాడు. నాలుగో మిషన్ విప్పేసి, గోనెపట్టా చుట్టి, మంచం కింద పెట్టాం. అది వేసుకోవడానికి చోటుంటే ఒక అమ్మాయిని పనిలో పెట్టుకోవచ్చు. నా లెక్కలో నెలకు 9,000 దాకా అదనంగా వస్తుంది. అంటే ఇల్లు మారడం కూడా అప్పు తీర్చే పనిలో భాగమే. ఈ మాట నేను నమ్ముతున్నాను కానీ మిగతా 11 మంది నమ్మాలి కదా. ఆ టెన్షన్ ఉంది.

జూన్ 15, ఆదివారం

బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. ఒక్కో బిడ్డకు 15,000లో స్కూలు నిర్వహణకు 2,000 పోను 13,000. ఇద్దరికీ కలిపి 26,000 నా ఖాతాలోకి వచ్చింది. మా ఆయన చూసి, "అడ్వాన్స్ సమస్య తీరిపోయిందే" అన్నారు. నాకూ ఒక పూట అలాగే అనిపించింది. రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం. అది పిల్లల చదువు డబ్బు. ఇదివరకు యూనిట్ మునిగినప్పుడు ఇలాగే పాప పేరు మీదున్న డిపాజిట్ తీసి జీతాలిచ్చాను, మళ్లీ పెట్టలేదు. ఈసారి ముట్టుకోకూడదని తేల్చుకున్నాం. అందులోంచి బాబుకి సెకండ్ హ్యాండ్ చదువుకునే బల్ల, కుర్చీ మాత్రం కొనాలి.

ఇంటి కోసం వేసుకున్న డబ్బా వేరే ఉంది. మే, జూన్ యూనిఫామ్‌ల సీజన్‌లో రాత్రిళ్లు కుట్టింది ఇప్పటికి 21,500 అయింది. నెలాఖరుకు ఇంకో 8,000 పడాలి.

జూన్ 19, గురువారం

బ్రోకర్ అయితే ఒక నెల అద్దె తీసుకుంటాడు. అందుకని సాయంత్రాలు టూ-లెట్ బోర్డులు చూసుకుంటూ నడుస్తున్నాం. ఈ రోజుతో తొమ్మిది ఇళ్లు చూశాం.

బాగా ఆశపెట్టింది మా సింగ్ నగర్‌లోనే ఉంది. కింది అంతస్తు, మూడు గదులు, 8,500. గదులు విశాలం, కొత్త సున్నం, మిషన్లు దింపడం తేలిక. మా ఆయన మాట్లాడుతుంటే నేను గోడ పక్కగా నడిచి తలుపు వెనక్కి వెళ్లాను. తలుపు మూసి చూస్తే, వెనక ఉన్న గోడ మీద సున్నం వేయలేదు. నా భుజం ఎత్తులో గీత గీసినట్టు మట్టిరంగు చార. పోయినేడాది సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద నీళ్లు ఆగిన ఎత్తు అది. చెయ్యి పెట్టి చూశాను, గీత కింద గోడ ఇంకా పొడి రాలుతోంది.

ఆ రోజులు మా కళ్ల ముందే ఉన్నాయి. మేం మేడ మీద ఉండబట్టి మిషన్లు దక్కాయి. కింద వాళ్ల ఫ్రిజ్ మా మెట్ల దగ్గర తేలింది. కింది అంతస్తుల వాళ్లకు ప్రభుత్వం 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 ఇచ్చింది. మాకొచ్చిన 10,000లోంచే ఒక మిషన్‌కి కరెంటు తక్కువ తాగే సర్వో మోటారు వేయించుకున్నాం. చూసిన మిగతా ఇళ్ల కంటే నెలకు 3,000 దాకా ఆదా అవుతుందని నాలుగు మిషన్లూ తీసుకెళ్లి నేల మీద పెడితే, ఒక్క వాన చాలు, మళ్లీ 2021కి వెళ్లిపోతాం. వద్దన్నాం.

ఇల్లు చూడ్డానికి వెళ్లేవాళ్లకు చెప్పేది ఒకటే. కొత్త సున్నం వేసిన ఇంట్లో తలుపుల వెనక, గోడకు బిగించిన అల్మరా లోపలి పక్క, మెట్ల కింద చూడండి. స్విచ్ బోర్డులు ఈ మధ్యే పైకి జరిపారేమో చూడండి. ఎదురింటి వాళ్లను అడగండి.

జూన్ 23, సోమవారం

ఇల్లు కుదిరింది. సత్యనారాయణపురంలో పాత ఇల్లు, మొదటి అంతస్తు. రెండు పడకగదులు, పొడుగాటి హాలు, వెనక చిన్న వరండా. అద్దె 11,000, నీళ్లకు, మెట్లు ఊడ్చడానికి 500. నిన్న చూశాం. ఈ రోజు 5,000 టోకెన్ ఇచ్చాం. ఎల్లుండి అమావాస్య, ఆ మర్నాటి నుంచి ఆషాఢం. ఓనరమ్మగారు పెద్దావిడ, "ఆషాఢంలో దిగొద్దమ్మా, శ్రావణంలో పాలు పొంగించుకోండి" అన్నారు. నాకు ఒక నెల టైమ్ దొరికింది, అది మంచిదే.

టోకెన్ ఇచ్చే ముందే ఐపీ సంగతి చెప్పాను. చెప్పాల్సిన అవసరం చట్టప్రకారం ఇప్పుడు లేదు. డిశ్చార్జి కాక ముందు మాత్రం, ఇన్‌సాల్వెంట్‌ని (దివాలా తీసినదాన్ని) అని చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు అంతకు మించి అప్పు తీసుకుంటే నేరం. ఆరు నెలల దాకా జైలు వేయొచ్చు. 1920లో రాసిన 50 రూపాయలు అలాగే ఉంది. కిరాణా కొట్లో నూనె ప్యాకెట్ ఖాతాలో రాయమనాలంటే, నలుగురి ముందు, "బాబాయి గారూ, నేను ఐపీలో ఉన్నానండి, అయినా ఇస్తారా?" అని అడిగేదాన్ని. ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. తర్వాత నుంచి నేను నోరు విప్పక ముందే, "తెలుసమ్మా, తీసుకెళ్లు" అనేవాడు. ఆ అలవాటు మంచిదనిపించింది, ఉంచేసుకున్నాను.

అయితే అంతకు ముందు వారమే ఇలా చెప్పినందుకు ఒక ఇల్లు చేజారింది. ఆ ఓనరు వినగానే, "మా వాళ్లెవరో వస్తామన్నారండి" అని గేటు వేసేశాడు. ఈ పెద్దావిడ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. డిశ్చార్జి ఆర్డర్ జిరాక్స్, నా నోట్‌బుక్ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు. "అందరికీ రెండు నెలలు అడుగుతాను, నిన్ను మూడు నెలలు అడుగుతానమ్మాయ్. ఏమనుకోకు" అన్నారు. 33,000. ఏమీ అనుకోలేదు. తెలిసి ఇచ్చిన ఇంట్లో కంటి నిండా నిద్రపడుతుంది.

ఇంకో రెండు షరతులు పెట్టారు. రాత్రి 9 దాటితే మిషన్ చప్పుడు వినపడకూడదు. నేల అదిరితే కింద వాళ్లకు ఇబ్బంది రాకూడదు.

జూలై 6, ఆదివారం

నిన్న, ఈ రోజు, 11 మంది ఇళ్లకూ వెళ్లొచ్చాం. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే భయమేసిన పని ఇదే. కవరు ఇచ్చి, ఇల్లు మారుతున్నామని, అద్దె ఎంతో, ఎందుకో మా నోటితోనే చెప్పాలనుకున్నాం. ట్రాలీ ఆటో కదిలాక ఇంకెవరో చెబితే, "మన డబ్బులు ఎగ్గొట్టి డబుల్ బెడ్‌రూమ్‌కి వెళ్లారు" అనే మాటే మిగులుతుంది. ఈ ఊళ్లో ఐపీ అన్న మాటకు ఉన్న పేరు అలాంటిది.

బొత్తాలు, జిప్పుల షాపు బాబాయి గారికి ఇంకా 81,600 ఉంది. నెలకు వెయ్యి ఇస్తున్నాం. కవరు తీసి లెక్కపెట్టుకుని, విషయం విని, "ఐపీ పెట్టినోళ్లకి పదకొండు వేల ఇల్లా?" అన్నారు. షాపులో గిరాకీ ఉంది, అందరూ విన్నారు. నేను నోట్‌బుక్ తీసి ఎడమ పేజీలో పాత ఖర్చులు, కుడి పేజీలో కొత్త ఖర్చులు చూపించాను. నాలుగో మిషన్, అమ్మాయి కూలి, కరెంటు, అద్దె తేడా 5,000, అన్నీ పోను నెలకు 2,000 దాకా మిగిలితే, అక్టోబరు నుంచి మొత్తం వాయిదా 14,000ని 16,000 చేస్తామని. ఆయన వేలు పెట్టి ఒక్కో అంకె చదివారు. "నాకు ఈ నెల నుంచే 500 పెంచు" అన్నారు. "అక్టోబరులోనే బాబాయి గారూ. ఇప్పుడు ఊఁ అని రేపు ఇవ్వలేకపోతే అది మళ్లీ అబద్ధమవుతుంది" అన్నాను. సరేననలేదు, కాదనలేదు. నోట్‌బుక్ మూసి నా చేతికిచ్చారు.

ఒకాయన ఎప్పుడూ గేటు దగ్గరే నిలబడి కవరు తీసుకుంటాడు. లోపలికి రమ్మనడు. నిన్నా అంతే. ఆయన కోపం ఆయనది, నేను తప్పు పట్టను.

పాలు పోసే పిన్నిగారు గేదెను అమ్మిన 60,000 నాకిచ్చింది. రిసీవర్ ద్వారా 18,600 వచ్చింది. తర్వాత మేం నెలనెలా 2,000 ఇస్తూ వచ్చాం, నిన్నటి దానితో ఇంకా 9,400 ఉంది. విషయం చెప్పగానే, "కొత్తింట్లో పాలు పొంగించడానికి నేనే తెస్తానమ్మా, ప్యాకెట్ పాలు పొయ్యకండి" అంది. బయటికొచ్చాక మా ఆయన చాలాసేపు స్కూటర్ స్టార్ట్ చేయలేదు.

బాకీ: 12,66,400.

జూలై 20, ఆదివారం

కొలతలు, కరెంటు. హాలు 12 బై 15. గోడ వారగా నాలుగు మిషన్లు, మధ్యలో 8 బై 4 కటింగ్ టేబుల్. కాగితం మీద గీసుకున్నాం. బల్లల కాళ్ల కింద పెట్టడానికి పాత లారీ ట్యూబు రబ్బరు నాలుగు అంగుళాల ముక్కలుగా కోసి, రెండేసి అతికించాం, మొత్తం 16. ఇప్పుడున్న ఇంట్లోనే ఒక మిషన్ కింద పెట్టి చూశాను. నేల మీద స్టీలు గ్లాసులో నీళ్లు పెడితే ఇదివరకు అలలు వచ్చేవి. రబ్బరు పెట్టాక దగ్గరికి వంగి చూస్తేనే కదులుతున్నట్టు తెలిసింది.

కరెంటు మీటరు వేరుగా ఉందా లేదా అన్నది మాలాంటి వాళ్లకు అద్దె అంత ముఖ్యం. ఇప్పుడున్న ఇంట్లో అందరికీ ఒకటే మీటరు, ఓనరు యూనిట్‌కి 10 రూపాయలు తీసుకుంటాడు. సొంత మీటరు ఉంటే ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 నుంచి మొదలై శ్లాబుల్లో పెరుగుతాయి. 400 దాటితే 9.75. అదీ కాక నెల సగటు 300 యూనిట్లు దాటితే ప్రభుత్వ పథకాలకు అర్హత పోతుంది. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, మనం కుట్టినా కుట్టకపోయినా. సర్వో మోటారు పెడలు తొక్కినప్పుడే తిరుగుతుంది, చప్పుడూ తక్కువ. రెండోది కూడా వేయించాలి. దానికి డబ్బు ఈ నెల లేదు, దసరా తర్వాత చూద్దాం.

హాల్లో 15 ఆంప్స్ ప్లగ్గులు, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) వేయించడానికి ఎలక్ట్రీషియన్‌కి 1,850 అయింది.

జూలై 25, శుక్రవారం

శ్రావణం మొదటి రోజు. ఉదయం 6 గంటలకు పాలు పొంగించాం. పిన్నిగారు అన్నట్టే క్యాన్‌తో వచ్చింది. పాలు తూర్పు వైపు పొంగితే మంచిదని అత్తయ్య గిన్నెను కొంచెం ఆ పక్కకు ఒరిగేలా పెట్టింది.

అద్దె ఒప్పందం 11 నెలలకు, 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. ఇక్కడ అందరూ 11 నెలలే రాస్తారు. అడ్వాన్స్ అంకె, తిరిగి ఎప్పుడిస్తారో, సున్నం ఖర్చు ఎవరిదో మూడూ రాయించాను. పాత ఇంట్లో ఏ కాగితం లేకుండా చేరాం. దాని ఫలితం నిన్న తెలిసింది. 13,000 అడ్వాన్స్‌లో సున్నానికని 4,000 కోసుకుని 9,000 చేతిలో పెట్టారు.

జూలై 27, ఆదివారం

సామాను చేరింది. ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులకు 2,400, ఇద్దరు ముఠా కూలీలకు 1,600.

మిషన్ తలలు నేనే పాత దుప్పట్లలో చుట్టాను. సూది తీసి, పాదం కింద గుడ్డముక్క పెట్టి, ఆయిల్ ట్రే ఒంపేసి, బెల్టు విప్పి, ఏ మిషన్ బోల్టులు ఆ కవర్లో వేసి పేరు రాశాను. ఇందులో రెండు రిసీవర్ గారు జాబితా రాసిన రోజున వదిలేసినవి. వంట గిన్నెలు, పరుపులు, చేతివృత్తి పనిముట్లు జప్తుకు రావని ఆయనే చెప్పారు. "ఇవి నీ పనిముట్లమ్మా, వీటి జోలికి రాము" అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రెండిటినీ ఆటోలో వేయనివ్వకుండా ఒడిలో పెట్టుకోవాలన్నంత ఉంది నాకు. ఒక్కోటి పాతిక కిలోల పైనే, అందుకని పక్కన కూర్చుని పట్టుకున్నాను.

తప్పు కటింగ్ టేబుల్ దగ్గర జరిగింది. గది కొలిచాం, తలుపు కొలిచాం, మెట్ల మలుపు కొలవలేదు. పాత ఇల్లు కదా, మెట్లు ఇరుకు. 8 అడుగుల పలక మలుపులో అడ్డం పడింది. గంటన్నర నిలబెట్టి, పడుకోబెట్టి చూశాం. చివరికి వడ్రంగిని పిలిచి మధ్యకి కోయించి, పైన మడతబందులు వేయించాం. 700. గుడ్డ పరిచినప్పుడు ఆ అతుకు కత్తెరకు తగులుతోంది. రెగ్జిన్ అంటిస్తే సరిపోతుందని మా ఆయన అంటున్నారు, చూడాలి.

ఆగస్టు 5, మంగళవారం

లెక్క తప్పింది. డబ్బాలో 29,500, పాత ఓనరు ఇచ్చిన 9,000, కలిపి 38,500. ఖర్చు ఇలా ఉంది: అడ్వాన్స్ 33,000, ఆటో, కూలీలు, వైరింగ్, ఒప్పందం, పూజ కలిపి 6,800, వడ్రంగి 700, ఈ నెల అద్దె తేడా 5,000. మొత్తం 45,500. అంటే 7,000 తక్కువ. ఓనరమ్మగారికి ఉన్నది ఉన్నట్టు చెబితే అడ్వాన్స్‌లో 5,000 నెలాఖరున ఇమ్మన్నారు. కొత్త అప్పు వద్దన్నది మా నియమం. అందుకే నోట్‌బుక్‌లో 15వ పేరుగా ఆవిడ పేరు రాశాను. కొట్టేసేదాకా అది నా కళ్ల ముందు ఉండాలి.

ఇంకా 2,000 కావాలి. తెలిసినాయన ఒకరు వారం వడ్డీకి 10,000 ఇస్తానన్నాడు. 2015 డిసెంబరులో ఈ ఊళ్లో అధిక వడ్డీల కాల్ మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు విన్నవన్నీ గుర్తున్నాయి, ఆ మాట అక్కడే ఆపేశాను. కవర్లలో ఒకటి ఆపాలి, తప్పదు. చెయ్యి నేరుగా పిన్నిగారి కవరు మీదకి వెళ్లింది. ఆవిడ ఏమీ అనదని. అది గమనించుకుని చాలా బాధేసింది. గట్టిగా అరిచేవాళ్లకు ముందు ఇచ్చి, మెత్తగా ఉండేవాళ్లకు ఆపడమే నేను మునిగిన ఏడాదంతా చేసిన పని. పిన్నిగారి కవరు మళ్లీ ఇచ్చేవాటిలో పెట్టి, మా అన్నయ్య కవరు ఆపాను. అతనూ 14 మందిలో ఒకడే, నెలకు 2,000. ఫోన్ చేసి చెప్పాను. "రెండు వారాలేగా, ముందే చెప్పావు చాలు" అన్నాడు.

ఆగస్టు 19, మంగళవారం

యూనిఫామ్ షాపు నుంచి బిల్లు వచ్చింది. అన్నయ్యకి 2,000, ఓనరమ్మగారికి 5,000 ఇచ్చేశాను. 15వ పేరు కొట్టేశాను. బాకీ: 12,52,400.

వీధి చివరి అమ్మాయి 11వ తేదీ నుంచి నాలుగో మిషన్ మీద కూర్చుంటోంది. మొదటి మూడు రోజులు కాలర్లు విప్పించి మళ్లీ కుట్టించాను. ఇప్పుడు రోజుకు 14 చొక్కాలకు కాలర్, కఫ్ వేస్తోంది. నేను 18 అనుకున్నాను. కాబట్టి అదనపు ఆదాయం 9,000 కాదు, ఈ నెలకు 5,000 చిల్లర. దాంట్లో అద్దె తేడా పోతే ఏమీ మిగలదు. అక్టోబరులో 16,000 అన్న మాట నిలవాలంటే సెప్టెంబరులో తను 18కి రావాలి, లేదా నేను రోజూ ఉదయం ఇంకో గంట ముందు కూర్చోవాలి. 14,000 అయితే ఇంకా 90 నెలలు. 16,000 అయితే 78 నెలలకు కొంచెం పైన. ఆ పదకొండు నెలలు నాకు కావాలి. రేపటి నుంచి 5 గంటలకే లేస్తున్నాను.

ఆగస్టు 31, ఆదివారం

కరెంటు బిల్లు 1,080. పాత ఇంట్లో 1,700 దాకా కట్టేవాళ్లం, అదీ మూడు మిషన్లకు.

రేషన్ కార్డు, గ్యాస్ అడ్రస్ మార్పుకి వార్డు సచివాలయంలో, ఏజెన్సీలో ఇచ్చాం. కింద వాళ్లను అడిగాను, అదురు తెలియడం లేదన్నారు. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఒక్కటి మాత్రం గొణుగుతున్నట్టు వినిపిస్తుందట. దాని కింద మూడో రబ్బరు ముక్క అతికించాలి. కటింగ్ టేబుల్ అతుకు మీద రెగ్జిన్ వేశాం, కత్తెర తగలడం లేదు.

బాబు బల్ల వెనక వరండాలో వేశాం. 2,600 పెట్టి కొన్నాం, కుర్చీతో కలిపి. దూది ఇప్పుడు వాడటం లేదు. అత్తయ్య గదికి తలుపుంది, మధ్యాహ్నం వేసుకుని పడుకుంటోంది.

5వ తేదీకి 11 కవర్ల మీద పేర్లు రాసి పెట్టాను. బొత్తాల షాపు బాబాయి గారు నిన్న ఫోన్ చేశారు. ఏమంటారోనని భయపడుతూ ఎత్తాను. దసరా సెలవుల తర్వాత ఒక స్కూలుకి 300 స్వెటర్ కోట్లకు బొత్తాలు వేసి, కాజాలు కుట్టే పని ఉందట, చేస్తావా అని అడిగారు. కాజా మిషన్ మాకు లేదు, చేతితో కుట్టాలి. కోటుకు 6 కాజాలు, 300 కోట్లు. రేటు ఎంతో రేపు వెళ్లి మాట్లాడాలి.